ఒళ్లు కడిగే పని

కోరుట్లలో మా ప్రార్థన మందిరానికి వచ్చే కుటుంబాలు నలభై మూడు. వాటిల్లో ఆడమనిషి ఎవరు చనిపోయినా, పెట్టెలో పెట్టేముందు ఒళ్లు కడిగి, చీర కట్టి, తల దువ్వేది పెద్దమ్మ. నాకు చుట్టం కాదు. మా వాడలో అందరం ఆమెను పెద్దమ్మ అనే పిలిచేవాళ్లం. మగవాళ్లను మగవాళ్లు కడుగుతారు, వాళ్లకు ఎప్పుడూ నలుగురు దొరుకుతారు. ఆడవాళ్లకు మాత్రం ఆమె ఒక్కతే. మా అమ్మను ఆమే కడిగింది, మా అత్తను ఆమే కడిగింది. ఒకసారి ఇద్దరం కూర్చొని గుర్తున్నంతవరకు లెక్కేస్తే అరవై నాలుగు మంది తేలారు.

"ఇంగ కొందరున్నరు గని మొకాలు యాదికి అస్తలేవు. వాళ్లను ఇడ్సిపెట్టు" అంది.

ముఖం గుర్తు లేకపోయినా మనిషి మనిషే కదా, లెక్కలో వేయాలని నేను. చాలాసేపు వాదించుకున్నాం.

పోయిన ఎండాకాలం ఆమె కడుపులో గడ్డ ఉందని తెలిసింది. కొడుకు, కోడలు జగిత్యాల తీసుకెళ్లి చూపించారు. రెండోసారి వెళ్లినప్పుడు డాక్టరు, ఇంటికి తీసుకెళ్లి ఏం తింటానంటే అది పెట్టమన్నాడట. ఆ మాట అర్థం కాని మనిషి కాదు పెద్దమ్మ. బస్సు దిగి ఇంటికి వచ్చి, మంచం వాకిట్లో వేపచెట్టు నీడకు వేయించుకొని పడుకుంది. సంఘంలోని ఆడవాళ్లం వంతులు వేసుకొని ఆమె దగ్గర కూర్చునేవాళ్లం. వంతులు రాసింది నేనే. నాకు పొద్దున పది నుంచి ఒంటిగంట వరకు.

నేను చదివింది ఐదో తరగతి. నాకు లెక్కలు నేర్పింది బీడీలు. ఇరవై ఐదు బీడీలు ఒక కట్ట, నలభై కట్టలు వెయ్యి. పదకొండేళ్లప్పటి నుంచి రోజూ అదే లెక్క చేతుల మీదుగా పోతుంటే, మిగతావన్నీ దానిమీదే ఎక్కాయి. క్రిస్మస్ భోజనాలకు ఎన్ని కిలోల బియ్యం నానబెట్టాలో, పందిరికి ఎన్ని గజాల గుడ్డ పడుతుందో సంఘంలో నన్నే అడుగుతారు. నలభై తొమ్మిదేళ్ల వయసులో నాకున్న పేరు అదొక్కటే, లెక్కల అక్క.

కానీ ఆ ఏడాది నా లెక్క నాకే తేలకుండా ఉంది. నా భర్త మస్కట్‌లో పనిచేస్తూ అక్కడే చనిపోయి మూడేళ్లు. పెట్టె ఇల్లు చేరడానికి పందొమ్మిది రోజులు పట్టింది. తెరవవద్దని చెప్పి ఇచ్చారు, తెరవలేదు. బిడ్డ పెళ్లయి సిరిసిల్లలో ఉంది, అల్లుడు సాంచాల మీద బట్ట నేస్తాడు. బీడీల ఖార్ఖానాలో ఇప్పుడు నెలకు పన్నెండు రోజులకు మించి పని ఇవ్వడం లేదు. మిగిలిన పద్దెనిమిది రోజులు ఏం చేయాలో తెలియదు. బిడ్డ రమ్మంటే వెళ్లి ఒక నెల ఉన్నాను. మనుమరాలు బడికి పోతుంది, అల్లుడు సాంచాలకు పోతాడు, బిడ్డ కుట్టుమిషన్ ముందు కూర్చుంటుంది. వంట ఇద్దరం కలిసి చేసినా గంటన్నరకు అయిపోతుంది. చుట్టూ సాంచాల చప్పుడు. ఆ చప్పుడులో గోడకు ఆనుకొని కూర్చొని, దేవా, నన్ను ఇంకా ఎందుకు ఉంచావు అని అడిగేదాన్ని. ఏడుస్తూ కాదు. ఏ ఊరి బస్సు ఎన్నింటికని అడిగినట్టే అడిగేదాన్ని. జవాబు రాలేదు. తిరిగి కోరుట్ల వచ్చేశాను.

వచ్చిన రెండో ఆదివారం ఆరాధన అయిపోయాక పాస్టరయ్య ఎవరినీ లేవవద్దన్నారు. ఆయన నాకంటే పదేళ్లు చిన్న.

"పెద్దమ్మ ఎన్ని రోజులు ఉంటదో దేవునికెర్క. ఆమె చేసిన సేవ ఇంక ఎవరు చేస్తరు? ఇది నేను ఒకరి మీద పెట్టేది కాదు. దేవుడు ఎవరిని పిలుస్తున్నడో వాళ్లే ఇష్టంతోని ముందుకు రావాలె" అన్నారు.

చాపల మీద ఆడవాళ్లం ముప్పై ఒక్క మందిమి ఉన్నాం. ఒక్కరూ తల ఎత్తలేదు. నేను నా చీర కుచ్చిళ్లు సర్దుకున్నాను. బయట చెప్పులు వేసుకుంటుంటే ఆయన నా పక్కకు వచ్చి, "అక్కా, నువ్వు జెర ప్రార్థన చేసి చూడు" అని మాత్రం అని వెళ్లిపోయారు.

ఇంటికి వస్తూ ఆలోచిస్తే నాకు కోపం వచ్చింది. సిరిసిల్లలో నెలరోజులు అడిగితే రాని జవాబు ఇదా? నాకు శవమంటే భయం. మా అత్త పోయిన రోజు గుమ్మం బయటే నిలబడ్డాను, నీళ్ల బిందె లోపలికి అందించాను, అంతే. ఏదైనా పని ఇవ్వమని అడిగాను గానీ ఈ పని అడగలేదు.

మర్నాడు నా వంతుకు వెళ్లాను. పెద్దమ్మ కళ్లు మూసుకొనే ఉంది.

"నిన్న మందిరంల అడిగిండట గదా. ఎవలన్న లేచిన్రా?"

"ఎవలు లేవలే పెద్దమ్మా."

"నువ్వు?"

"నేను గూడ లేవలే."

ఆమె నవ్వింది. నవ్వితే నొప్పి లేచి కడుపు చేత్తో అదుముకుంది. తర్వాత, "అందర్ని నేను కడిగిన. నన్ను ఎవలు కడుగుతరే మరి? మా కోడలు పిల్ల మంచిదే, గని కోడి కోస్తెనే కండ్లు తిరిగి పడ్తది. ఆసుపత్రుల పైపు వట్టి నీళ్లు కొట్టి పంపుతరట. నాకు గట్ల వద్దు" అంది.

అడిగినట్టు లేదు, పొమ్మన్నట్టు లేదు.  పక్కనే ఆమె కోడలు అంట్లు తోముతోంది, తల ఎత్తకుండా.

అప్పుడు నేను చేసిన పని రాయడానికి కొంచెం సిగ్గుగా ఉంది. ఇది దేవుని పిలుపా, ఖాళీగా ఉన్న మనిషి మీద పడిన పనా తేల్చుకోవాలనుకున్నాను. ఎప్పుడో ఒక ప్రసంగంలో దేవుణ్ణి గుర్తు అడిగిన మనిషి సంగతి విన్నాను. నాకు తెలిసిన గుర్తు లెక్కే. ఖార్ఖానాలో వెయ్యి బీడీలకు సరిపోతుందని ఆకు, లోపల పోసే తంబాకు తూచి ఇస్తారు. ఆకు మంచిది కాకపోతే, చిరుగులు ఎక్కువుంటే వెయ్యి రావు. మన వంతుకొచ్చిన తునికాకు సంగతి ఎవరికీ ముందు తెలియదు, దేవునికి తప్ప. కాబట్టి ఇలా అడిగాను: రేపు ఈ ఆకులో వెయ్యి పూర్తిగా వస్తే ఇది నీ పిలుపే. ఒక్కటి తగ్గినా నన్ను వదిలేయి.

మర్నాడు ఆకు తడిపి, గుడ్డలో చుట్టి, చాట పట్టుకొని పొద్దున ఆరింటికే పెద్దమ్మ మంచం దగ్గర కూర్చున్నాను. కత్తిరించడం అయ్యాక చుట్టడం మొదలుపెట్టి, నా వంతు అయిపోయినా లేవకుండా మూడున్నర వరకు చేశాను. ఆకు అయిపోయింది. కట్టలు లెక్కపెట్టాను. ముప్పై ఎనిమిది కట్టలు, పైన పదమూడు. తొమ్మిది వందల అరవై మూడు. ముప్పై ఏడు తక్కువ.

ఎంత తేలిక అనిపించిందో చెప్పలేను. మళ్లీ లెక్కపెట్టాను, అంతే ఉంది. దేవా, నువ్వే చెప్పావు అనుకొని చాట పక్కన పెట్టాను. ఆకు ముక్కలు, తుక్కు పోగుచేసి పొయ్యిలో వేయడానికి లేవబోతుంటే పెద్దమ్మ మంచం మీది నుంచి చెయ్యి చాపింది.

"గా తుక్కు ఇటు తే."

ఇచ్చాను. ఆమె ఎండిన వేళ్లతో ఒక ముక్క తీసి వెలుతురుకు పెట్టి చూసింది. ఇంకోటి తీసింది. ముప్పై ఏళ్లు బీడీలు చేసిన మనిషి ఆమె.

"ఏందే గిది? గీ తుక్కుల ఇంక బీడీలున్నయి. రెండొచ్చే ఆకుల ఒక్కటే తీసినవ్. చేతకాని పిల్ల కోసినట్టు కోసినవ్. ఇయ్యాల ఏమైంది నీకు?"

నేను ఆ ముక్కలు చూశాను. నిజమే. కొలత రేకును ఆకు నడిమధ్యలో పెట్టి కోశాను. అంచుకు జరిపి పెడితే రెండు ముక్కలు వస్తాయి. ఇది పదకొండేళ్లప్పుడే నేర్చుకున్న సంగతి. తంబాకు కూడా గిన్నెలో మిగిలే ఉంది. ఆకు తక్కువై తంబాకు మిగిలిందంటే కోతలో తప్పని ఏ బీడీల మనిషికైనా తెలుస్తుంది. నేను అది చూసి కూడా చూడలేదు.

అక్కడే కూర్చొని తుక్కులో పనికొచ్చే ముక్కలన్నీ ఏరి మళ్లీ కోశాను. అరవై ఒకటి వచ్చాయి. వెయ్యి మీద ఇరవై నాలుగు.

పెద్దమ్మకు మొత్తం చెప్పేశాను. మందిరంలో జరిగింది, అడిగిన గుర్తు, ముప్పై ఏడు తక్కువైతే నాకు కలిగిన సంతోషం. ఆమె ఓపికగా విన్నది.

"కత్తెర నీ చేతులనే పెట్టుకొని దేవున్ని పరీచ్ఛ చేస్తున్నవా?" అంది చివరికి. "ఆయన ఏం చెప్తడు పాపం? నువ్వే అడిగినవ్, నువ్వే కోసినవ్, నువ్వే లెక్క పెట్టుకున్నవ్."

"మరి నిన్ను దేవుడు పిలిచిండని నీకెట్ల తెలిసింది పెద్దమ్మా?"

"నన్నెవలు పిలిచిన్రు? నీళ్లకు పోయిన. నడిమింట్ల బాలింత సచ్చిపోయిందన్నరు. బిందె సంకల ఉన్నది. 'నీళ్లు అచ్చినయ్, ఇటు తే' అన్నరు. తెచ్చిన. ఒకామె నా చేతుల గుడ్డ పెట్టింది. పిల్ల నా ఈడుదే. కడిగిన. ఇంటికచ్చి అన్నం ముద్ద పోలే. రాత్రంత అడిగిన, ప్రభువా ఇది నీ పనేనా అని. ఏం చెప్పలే. ఆరు నెలలకు ఇంకోతి సచ్చింది, మనిషిని పంపిన్రు. పోయిన."

"అంతేనా?"

"ఇంకేం గావాలె నీకు, చీటీ రాసియ్యాల్నా?"

అప్పుడు నేను అసలు మాట అడిగాను. చేయమంటే చేస్తాను పెద్దమ్మా, గానీ ఇష్టంతో కాదు, భయపడుతూ చేస్తాను, అది లెక్కలోకి వస్తుందా అని. ఆమె కోడలిని పిలిచి కొంచెం గంజి తాగింది. మూతి తుడుచుకొని చెప్పింది.

"భయమైతే ఏం గాదు. నాకు గూడ ఉండె. ఇష్టం లేకుంటెనే కష్టం. ఇష్టం లేని చెయ్యి గట్టిగ రుద్దుతది, జల్ది చేస్తది. బతికున్నదైతే 'అబ్బ, మెల్లగ' అంటది. సచ్చినామె అననే అనది. ఆమెకు నొస్తుందని నువ్వే అనుకోవాలె. గందుకే అయ్యగారు ఇష్టంతోని అన్నడు. లేకుంటె ఎవలతోనైన చేపించచ్చు."

నేను బీడీ కట్టలు చాటలో సర్దుకుంటున్నాను. 

"రేపు పది గంటలకు నీళ్లు కాగవెట్టు" అంది. "నాకు తానం పొయ్యి. సచ్చినంక పోసినట్టె పొయ్యి. తప్పు చేస్తె ఇప్పుడైతె నేను చెప్త. అప్పుడు చెప్పరాదు."

ఆ రోజు సాయంత్రం సిరిసిల్ల నుంచి బిడ్డ ఫోన్ చేస్తే ఈ సంగతి చెప్పాను. కుట్టుమిషన్ చప్పుడు ఆగింది.

"సచ్చినోళ్లను కడుగుతవా? నీకేమన్న పిస లేసిందా అమ్మా? బతికున్న మనుమరాలికి తానం పోసుడు చాతకాలే గని."

"దానికి ఎనిమిదేండ్లు. అదే పోసుకుంటది."

"నలుగురేమంటరు?"

"నలుగురు గూడ ఎప్పుడో ఒకప్పుడు పోవాలె గదా బిడ్డా."

ఫోన్ పెట్టేసింది. కోపం వస్తే రెండు రోజులు మాట్లాడదు, మూడో రోజు తనే చేస్తుంది. అలాగే చేసింది కూడా.

మర్నాడు ఎండ బాగా ఉంది. వాకిట్లో చీరలు అడ్డం కట్టి, బల్ల వేసి, ఆమెను నేను, కోడలు కలిసి బల్ల మీదికి తెచ్చాం. బరువు లేదు, ముప్పై కిలోలు కూడా ఉండదు. కోడలు నీళ్ల గంగాళం తెచ్చి పెట్టి, చీర అవతల నిలబడిపోయింది. పెద్దమ్మ కళ్లు మూసుకొని చేతులు పక్కలకు పెట్టుకుంది.

"ఇగ నేను సచ్చిపోయిన. మొదలువెట్టు."

రవిక తీయబోయాను.

"ముందుగాల దుప్పటి గప్పు. దుప్పటి కిందనే కడగాలె. ఎవలు లేకున్న గట్లనే."

దుప్పటి కప్పాను. చెంబుతో నీళ్లు తీసుకొని తల దగ్గర మొదలుపెట్టాను. నాకు తెలియకుండానే చెంబులు లెక్కపెడుతున్నాను. ఆమెకు ఎలా తెలిసిందో.

"ఎన్నైనయి?"

"పద్నాలుగు."

"లెక్క ఆపి చెవుల ఎనుక కడుగు."

చెయ్యి లేపడానికి మణికట్టు పట్టుకున్నాను. కళ్లు తెరవకుండానే కోప్పడింది. "మోచేయి కింద నీ చెయ్యి పెట్టి లేపు. గట్ల గుంజితె భుజం ఊగుతది. లేపే ముందు చెప్పు."

"ఎవలకు?"

"నాకే. సచ్చినా గని చెప్పాలె. పెద్దమ్మా, చెయ్యి లేపుతున్న అని చెప్పు. చెప్పినవంటె నీ చెయ్యే మెల్లగైతది."

చెప్పాను. నిజంగానే మెల్లగైంది. పక్కకు తిప్పేటప్పుడు నా వైపుకు తిప్పుకోవాలి గాని అవతలికి నెట్టకూడదు. కాళ్ల వేళ్ల మధ్య తుడవాలి. ఒళ్లు ఆరాక కాళ్ల బొటనవేళ్లు కలిపి మెత్తని గుడ్డతో కట్టాలి, బిగించి కాదు. దవడ కింద నుంచి నడినెత్తికి ఒక పేలిక, ఒళ్లు చల్లబడక ముందే కట్టాలి. ఇవన్నీ ఆమె బల్ల మీద పడుకొని ఒక్కొక్కటి చెప్పింది. వీపు తోముతుంటే మాత్రం మాటలు ఆగిపోయాయి. నొప్పేమో అని చెయ్యి తీశాను.

"తియ్యకు. మంచిగుంది. నెల రోజులైంది గా జాగ ఎవలు ముట్టక" అంది.

భయం ఎప్పుడు పోయిందో చెప్పమంటే చెప్పలేను, ఇక్కడని గీత గీయలేను. కాకపోతే ఆమె వీపు మీద నీళ్లు పోస్తున్నప్పుడు నేను ఇంకో చోట ఉండాలనుకోలేదు. సిరిసిల్లలో గోడకు ఆనుకొని కూర్చున్న ఆ నెలరోజుల్లో ప్రతి నిమిషం ఇంకో చోటే ఉన్నాను. తేడా అంతవరకే నాకు తెలిసింది. దేవుడు ఏమీ అనలేదు. ఆయన అంటాడని కాచుకొని కూడా లేను.

చీర కట్టి తల దువ్వాక పెద్దమ్మ కళ్లు తెరిచి, "ఎడమ పాదం ఇడ్సిపెట్టినవ్" అంది. మళ్లీ కడిగాను.

ఆదివారం మందిరానికి వెళ్లి పాస్టరయ్యకు నేను చేస్తానని చెప్పాను. ప్రార్థనలో జవాబు వచ్చిందా అక్కా అని అడిగారు. రాలేదయ్యా, ఇష్టంతోనే వచ్చాను అన్నాను. 

ఆ తర్వాత పన్నెండో రోజు, శుక్రవారం పొద్దున ఎనిమిదికి కోడలు నాకు ఫోన్ చేసింది. నేను వెళ్లేసరికి కొడుకు వాకిట్లో నిలబడి పెట్టె కోసం ఎవరికో చెబుతున్నాడు, ఆడవాళ్లు వస్తున్నారు, గడప దగ్గరే ఆగుతున్నారు. దవడకు పేలిక కట్టాను. నీళ్లు కాగాక చీరలు అడ్డం కట్టి, కొడుకు ఆమెను ఎత్తి బల్ల మీద పడుకోబెట్టి వెళ్లాక దుప్పటి కప్పాను.  మొదటి చెంబు పోశాను. చెప్పిన ప్రకారం తల, చెవులు, చేతులు. ఒక్కొక్కటి చెప్పి లేపుతూ.

వీపుకు వచ్చేసరికి నా ఒక్కదానివల్ల కాలేదు. బతికున్నప్పుడు ఆమె తన వంతు తాను తిరిగింది, ఇప్పుడు మొత్తం బరువు నా మీదే. ఎవరినైనా పిలవాలి. పిలిస్తే గడప దగ్గరున్న వాళ్లలో ఎవరు వస్తారో నాకు తెలియదు. ఇరవై రోజుల కింద నన్ను పిలిచినా నేను రాకపోయేదాన్ని.

అడ్డంగా కట్టిన చీర కదిలింది. కోడలు లోపలికి వచ్చింది. ముఖం తెల్లగా పాలిపోయి ఉంది, కళ్లు ఒకచోట నిలవడం లేదు.

"అక్కా, ఎక్కడ పట్టాలె?"

"కండ్లు తిరుగుతున్నయా?"

"తిరుగుతున్నయి. ఎక్కడ పట్టాలె చెప్పు."

"భుజం కింద చెయ్యి పెట్టు. ముందుగాల చెప్పు."

ఆమె భుజం కింద చెయ్యి పెట్టింది. రెండుసార్లు ఊపిరి తీసుకుంది.

"అత్తమ్మా, నిన్ను పక్కకు తిప్పుతున్నం" అంది.

ఇద్దరం కలిసి మా వైపుకు తిప్పుకున్నాం.